మూడు రోహిణి కార్తెలు

మొక్కలు నాటించాలనుకునే వ్యాపారికి జులైని మించిన నెల లేదు. గడ్డపార పోటుకు నేల మెత్తగా దిగుతుంది. నర్సరీలో మొక్కలు సిద్ధంగా ఉంటాయి. బడిపిల్లలు వరసగా నిలబడతారు, వెనక ఫ్లెక్సీ మీద దుకాణం పేరో మిల్లు పేరో పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ రోజు నాటిన ప్రతి మొక్కా పచ్చగానే ఉంటుంది కాబట్టి ఆ రోజు తీసిన ఫొటో దేనికీ రుజువు కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసి పోతుంది. ఆ తర్వాత మొక్క తన వేరు మీద తానే బతకాలి. మే నెలలో జగిత్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. రోలు సంగతి ఎలా ఉన్నా, నిరుడు నాటిన మొక్క బతికిందో లేదో తేలేది ఆ రెండు వారాల్లోనే. అందుకని ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. డబ్బు మొక్కకు కాదు, మూడు రోహిణి కార్తెలకు పెట్టండి. ఏ మొక్క, ఎక్కడ, ఎన్ని, బోర్డు మీద ఎవరి పేరు అన్న మిగతా ప్రశ్నలకు ఈ నిర్ణయంలోంచే జవాబులు వస్తాయి.

మొక్కలకు కొరత ఉందనుకుంటే అది పొరపాటు. 2015 జులై 3న చిలుకూరులో తెలంగాణకు హరితహారం మొదలైంది. రాష్ట్రంలో చెట్ల విస్తీర్ణాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలని, 230 కోట్ల మొక్కలు నాటాలని ఆనాడు లక్ష్యం పెట్టుకున్నారు. ఊరూరా నర్సరీ వచ్చింది, తర్వాత పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. ఇంత మొక్క చేతికి అందాక చట్టం చేసినవాళ్లకే అసలు చిక్కు ఎక్కడుందో అర్థమైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం రెండూ నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నాయి. బడ్జెట్లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలన్నాయి. బతికించకపోతే సర్పంచి పదవికే ముప్పు తెచ్చే నిబంధన అది. ఒక చట్టం నాటడం గురించి కాక బతకడం గురించి అంత గట్టిగా మాట్లాడిందంటే లోటు ఎక్కడుందో వేరే చెప్పాలా? ఇలాంటి చోట ఓ వ్యాపారి ముందుకొచ్చి మరో రెండు వేల మొక్కలు కొనిస్తే అది నిండిన కుండలో నీళ్లు పోయడమే. నీళ్ల ట్యాంకరు, ముళ్లకంచె, కాపలా మనిషి జీతం, రెండో ఏడు చచ్చిన మొక్క స్థానంలో కొత్తది పెట్టే ఖర్చు... ఇవి ఫొటోలో పడవు, అందుకే వీటికి దాతలు తక్కువ.

పెద్ద ఉదాహరణలు కొన్ని చూద్దాం. అప్పట్లో రాజ్యసభ సభ్యుడిగా ఉన్న జోగినపల్లి సంతోష్ కుమార్ మొదలుపెట్టిన గ్రీన్ ఇండియా ఛాలెంజ్ ద్వారా రిజర్వు అడవులను దత్తత తీసుకునే పద్ధతి వచ్చింది. 2020లో సినీనటుడు ప్రభాస్ ఖాజీపల్లి అడవిలో 1,650 ఎకరాలకు 2 కోట్లు ప్రకటించారు. మందుల కంపెనీ హెటిరో మంబాపూర్, నల్లవెల్లి వైపు 2,543 ఎకరాలకు 5 కోట్లు ప్రకటించింది. మనకు దగ్గరి సంగతి 2023 ఫిబ్రవరిది. కొండగట్టు అంజన్న గుట్ట చుట్టూ కొడిమ్యాల రిజర్వు అడవిలో వెయ్యి ఎకరాలకు పైగా దత్తత తీసుకుంటున్నట్టు, మొదటి విడతగా కోటి రూపాయలు పెడుతున్నట్టు సంతోష్ కుమార్ ప్రకటించారు. కోట్లు అనగానే కళ్లు పెద్దవవుతాయి గానీ ఎకరాలతో భాగించి చూడండి. హెటిరో లెక్క ఎకరాకు ఇరవై వేల రూపాయల లోపే. ఖాజీపల్లిది పన్నెండు వేలు. కొండగట్టుది పది వేలు కూడా కాదు. ఇది తక్కువని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఎకరానికి పది వేలతో మొక్క మొక్కనూ నాటి నీళ్లు పోసి అడవిని సృష్టించడం కుదరదు. కానీ ఉన్న అడవిని కాపాడటానికి, చుట్టూ కందకం తవ్వడానికి, నిప్పు పాకకుండా గీతలు తీయడానికి, బోడిగా మిగిలిన చోట మాత్రం నాటడానికి ఆ డబ్బు పనికొస్తుంది. గుట్ట మీద నేల ఖాళీగా కనిపించినా లోపల వేర్లు బతికే ఉంటాయి. అదే ఈ వ్యవహారంలో కీలకం. ఇదే డబ్బు స్వాగత ద్వారానికీ నడకదారికీ పోతే మాత్రం అది పార్కు అవుతుంది. పార్కు చెడ్డది కాదు, కాకపోతే దాన్ని అడవి అని పిలవకూడదు.

వేర్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ దేశంలో ఆస్ట్రేలియా వ్యవసాయ శాస్త్రవేత్త టోనీ రినాడో నాటించిన మొక్కలు ఏడాదికేడాది ఎండిపోయేవి. 1983 ప్రాంతంలో ఆయన దృష్టి పొలాల్లో పిచ్చి పొదల్లా కనిపించేవాటి మీద పడింది. అవి పొదలు కావు, నరికేసిన చెట్ల మొద్దుల నుంచి వచ్చిన చిగుళ్లు. రైతులు వాటిలో బలమైన రెండు మూడింటిని ఉంచి మిగతావి కోసేయడం మొదలుపెట్టారు. రెండు దశాబ్దాల్లో దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి. నర్సరీ ఖర్చు లేదు, గుంత ఖర్చు లేదు. మన ప్రాంతంలో ఈ రహస్యం అందరికంటే బాగా తెలియాల్సింది కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల బీడీ కార్ఖానాలవాళ్లకు. వాళ్ల వ్యాపారం నిలబడ్డదే తునికాకు మీద. తునికిని ఎవరూ నర్సరీలో పెంచి నాటరు. అది వేరు పిలకల నుంచి తనంతట తాను లేస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో పొదను నేలబారుగా నరికితే ఏప్రిల్లో లేత ఆకు వస్తుంది. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. 1971 నుంచీ ఈ ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతిలోనే ఉంది. బీడీ ఆరోగ్యానికి ఏం చేస్తుందన్నది వేరే చర్చ, దాని జవాబు అందరికీ తెలిసిందే. ఇక్కడ నేను చూపదలచుకున్నది ఇంకొకటి. వేల మంది ఆడవాళ్లకు ఇంటి దగ్గర పని చూపిన వ్యాపారమొకటి, ఎవరూ నాటని, కొట్టినకొద్దీ చిగురించే అడవి చెట్టు మీద ఇన్ని దశాబ్దాలు నడిచింది. అలాంటి ఊళ్లలో వ్యాపారులు అడవికి ఏమైనా తిరిగి ఇవ్వాలనుకుంటే మొదట కొనాల్సింది మొక్క కాదు. నేలలో ఇప్పటికే ఉన్న వేరుకు మూడేళ్లు మేకల నుంచీ నిప్పు నుంచీ విడుదల కొనాలి.

వేర్లు కూడా మిగలని నేల ఉంటుంది. తవ్వి వదిలేసిన మొరం గుంతల అంచులు, చెరువు శిఖం పక్క గట్లు, కాకతీయ కాలువ ఒడ్డున బీడు అలాంటివి. అక్కడ నాటక తప్పదు. నాటేటప్పుడు ఏది నాటాలన్న ప్రశ్నకు కోనోకార్పస్ చెప్పిన పాఠం చాలు. ఏడాదిలో తలెత్తు పెరుగుతుంది, మేక ముట్టదు, నీళ్లు లేకున్నా పచ్చగా ఉంటుంది. ఈ మూడు గుణాలూ చూసి ఊరి వనాల్లో, రోడ్డు డివైడర్ల మీద బారులు తీర్చారు. తర్వాత దాని పుప్పొడి మీదా వేర్ల మీదా ఫిర్యాదులు వచ్చాయి, ఆఖరికి ప్రభుత్వమే వద్దంది. ఆఫ్రికా కొమ్ము నుంచి, అరేబియా నుంచి వచ్చిన ఆ చెట్టును మన మేక ముట్టదంటే మన పురుగూ పెద్దగా ముట్టదు. పురుగు లేని చోటికి పిట్ట రాదు. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట గూడు పెట్టుకునేది ముసలి చెట్ల తొర్రల్లో, తినేది పురుగులనూ మిడతలనూ. దసరా నాడు పాలపిట్ట కనిపించలేదని వాపోయే ఊరు దానికి తొర్ర ఇచ్చే చెట్టును ఎన్నడు నాటింది? ఇప్ప, నల్లమద్ది, మోదుగ, మొర్రి, రేల, తాని, నెమలినార, చిరుమాను, వెలగ, మారేడు, వాగు ఒడ్డున తెల్లమద్ది, మేడి, ఇవీ ఈ నేల చెట్లు. మోదుగ పూస్తే పిట్టలు తేనెకు దిగుతాయి. ఇప్పపూవు ఎలుగుబంటికీ మనిషికీ కలిసొచ్చే తిండి. కోతులు ఊళ్ల మీద పడుతున్నాయంటే అడవిలో వాటి పండు తగ్గడం కూడా ఒక కారణం. కోతులు వాపసు పోవాలని హరితహారం మొదట్లో చెప్పింది ఊరికే కాదు. పండు చెట్లు లేకుండా అవి ఎక్కడికి పోతాయి?

చెట్టు మాటకు పక్కనే పొద మాట కూడా చెప్పాలి. సిరిసిల్ల మరమగ్గాల మీద 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరలు లక్షల్లో నేశారు. ఆ చీర కట్టుకుని ఆడే బతుకమ్మకు తంగేడు పూవు కావాలి. తంగేడు రాష్ట్ర పుష్పం. అది పెరిగేది దట్టమైన అడవిలో కాదు, రాళ్లూ గడ్డీ ఉన్న బీళ్లలో. ఆ బీడు మీద వరసగా గుంతలు తీసి నీడ చెట్లు నాటితే తంగేడు పోతుంది, గడ్డి పోతుంది, ఆ గడ్డిలో బతికే జింకా పోతుంది. ఖాళీగా కనిపించే ప్రతి నేలా చెట్టు కోసం ఎదురుచూస్తున్నట్టు కాదు. సిరిసిల్ల ఆసాములో వస్త్ర వ్యాపారులో కలిసి ఊరికి ఒక పదెకరాల తంగేడు బీడును అలాగే ఉంచి కాపాడితే అది కూడా ఆవాసాన్ని నిలబెట్టినట్టే. అందులో ఒక్క మొక్క నాటకపోయినా సరే. ఉపగ్రహ లెక్కలు దీన్ని పట్టుకోలేవు. దేశ అటవీ నివేదికలో హెక్టారుకు మించిన నేలలో పది శాతం పైగా చెట్ల గొడుగు ఉంటే అది అడవి కిందే లెక్క. ఆ కొలతకు జగిత్యాల మామిడి తోటా అడవే, జామాయిల్ తోటా అడవే. మామిడితో నాకు పేచీ లేదు, చల్‌గల్ మార్కెట్టు నిండాలి. పచ్చదనం ఒకటి, ఆవాసం ఒకటి అని మాత్రం వ్యాపారి మనసులో స్పష్టంగా ఉండాలి.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, మన అడవి చెట్లు నెమ్మదిగా పెరుగుతాయి, జనానికి నీడ ఇప్పుడే కావాలి కదా అని. నిజమే. బస్టాండు ముందూ బడి ఆవరణలోనూ వేప, కానుగ నాటండి. రెండూ తొందరగానే నీడనిస్తాయి. ఆ ఖర్చును అడవి పద్దులో మాత్రం రాయకండి. రెండో అభ్యంతరం డబ్బుది. మూడేళ్లు ఖర్చు మోయడం పెద్ద కంపెనీలకు చెల్లుతుంది గానీ ఎరువుల దుకాణానికీ రైస్ మిల్లుకూ ఎలా సాధ్యం? జవాబు తేలిక, అమలే కష్టం. సంఖ్య తగ్గించండి. రెండు వేల మొక్కల మోజు పక్కనపెట్టి రెండు వందలు పెట్టుకోండి. నా లెక్కలో వంద రూపాయల బడ్జెట్లో మొక్కకూ గుంతకూ పాతిక మించకూడదు. మిగిలిన డెబ్బయి అయిదూ మూడు ఎండాకాలాల నీళ్లకూ కంచెకూ కాపలాకూ విడిగా బ్యాంకులో ఉండాలి. ఆ డబ్బు ముందే పక్కకు పెట్టకపోతే రెండో వేసవి నాటికి ఖాతాలో వేరే అవసరాలు పుట్టుకొస్తాయి. వ్యాపారం తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర లేదు. ఇంకో కిటుకు కూడా ఉంది. ఇప్పగింజ చెట్టు నుంచి రాలిన కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి కోల్పోతుంది. కాబట్టి జులైలో నర్సరీకి వెళ్లి అడిగితే దొరికేవి రోడ్డు పక్క మొక్కలే. మీకు కావలసిన జాతులు ఏడాది ముందే చెప్పి బయానా ఇవ్వాలి. గింజ సేకరణ తెలిసిన గిరిజన కుటుంబాలకూ, నర్సరీ నడిపే మహిళా సంఘాలకూ ఆ బయానా సూటిగా చేరితే స్పాన్సర్ డబ్బుకు అంతకంటే మంచి దారి ఉండదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం నేల గురించి. ఖాళీ అనుకున్న గుట్ట మీద గొల్లకురుమల గొర్రెలు మేస్తుంటాయి. అటవీ అంచున పోడు తగాదాలుంటాయి. బయటి వ్యాపారి వచ్చి కంచె కడితే పేదవాడి మేత పోతుంది కదా? పోతుంది. ఈ మాట దాటవేసిన పథకాలు ఏమయ్యాయో హిమాచల్ ప్రదేశ్ కాంగ్రా జిల్లా మీద 2021లో వెలువడిన పరిశోధన చూపించింది. దశాబ్దాల పాటు ప్రభుత్వ డబ్బుతో మొక్కలు నాటినా చెట్ల గొడుగు చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఊరివాళ్లకు మేతా కట్టే ఇచ్చే వెడల్పాకు చెట్ల వాటా తగ్గింది కూడా. ఊరికి అక్కరలేని చెట్టును ఊరు కాపాడదు. కాబట్టి మొదటి సమావేశం కలెక్టరేట్లో కాదు, గొర్రెల కాపరులతో జరగాలి. మొత్తం గుట్టను ఒకేసారి మూసేయకుండా మూడో వంతు మూసి, మొక్క మేక నోటికి అందనంత ఎదిగాక తెరిచి, పక్క భాగం మూయడం పాత పద్ధతే. మూసిన భాగంలో గడ్డి కోసుకుపోవడానికి కాపరి కుటుంబాలకు హక్కు రాయండి. కాపలా జీతం కూడా వాళ్లలో ఒకరికే ఇవ్వండి. మేకను ఆపగలిగేది మేకల మనిషే. అటవీ భూమైతే జిల్లా అటవీ అధికారి (డీఎఫ్ఓ) అనుమతి తప్పదు. వన సంరక్షణ సమితి ఉన్న ఊళ్లో సమితి తీర్మానం కూడా ఉండాలి.

ఇదంతా పేరు కోసమే కదా అని జనం అనుకుంటారేమోనన్న జంకు కొందరిలో ఉంటుంది. పేరు కోరుకోవడం తప్పు కాదు. గుళ్లో మెట్టు కట్టించినవాడు రాయి మీద పేరు చెక్కించుకోలేదా? మెట్టు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది, తొక్కినవాడికి తెలుస్తుంది. మొక్క విషయంలో బోర్డు మొదటి రోజే లేస్తుంది, మొక్క పోయాక కూడా బోర్డు ఉంటుంది. ఎండిన కర్రల మధ్య నిలబడ్డ ఆ బోర్డుకంటే దుకాణానికి చెడ్డ ప్రకటన ఇంకోటి లేదు. బోర్డును మూడో రోహిణి దాటాకే పెట్టండి. అలాగే, బట్టల అద్దకంలో మిగిలిన రంగునీళ్లు వాగులోకి వదులుతూ అదే వాగు ఒడ్డున మద్దిచెట్లు నాటితే ఏ లెక్కలోనూ చెల్లు కాదు. ముందు నీళ్ల సంగతి చూసుకోవాలి. పెద్ద కంపెనీలకు చట్టం ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నికర విలువో, వెయ్యి కోట్ల టర్నోవరో, 5 కోట్ల లాభమో ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఈ మూడు పట్టణాల్లో చాలా వ్యాపారాలు ఆ గీతకు చాలా కింద ఉంటాయి. అంటే మిమ్మల్ని ఎవరూ అడగరు, ఆడిట్ చేసేవారు కూడా ఉండరు. అందుకే మీ లెక్క మీరే కఠినంగా పెట్టుకోవాలి. కేంద్రం కూడా ఆలస్యంగా ఈ దారికే వచ్చింది. 2023లో తెచ్చిన గ్రీన్ క్రెడిట్ పథకంలో మొదట చెట్టుకొక క్రెడిట్ అన్నారు, విమర్శలు వచ్చాయి. 2025 ఆగస్టులో నిబంధన మార్చి, అయిదేళ్ల తర్వాత చెట్ల గొడుగు 40 శాతమైనా ఉంటేనే క్రెడిట్ అన్నారు.

లెక్క ఎలా పెట్టాలంటే, దానికి యంత్రాలేమీ అక్కర్లేదు. నాటిన రోజు ప్రతి గుంతకూ అంకె వేసి ఒక రిజిస్టరులో జాతి పేరు రాయాలి. మోకాలెత్తు లేని వేరు పిలకలకూ కర్ర గుర్తు పెట్టి వాటినీ రాయాలి. ఏటా రోహిణి కార్తె చివర, మృగశిర చినుకు పడకముందే గుట్ట ఎక్కి లెక్కపెట్టాలి. చినుకు పడ్డాక లెక్కపెడితే చచ్చిన మొక్క పక్కన మొలిచిన గడ్డి కూడా కళ్లకు పచ్చగానే కనిపిస్తుంది. లెక్కపెట్టేవాళ్లలో నాటించినవాడు ఒక్కడే ఉండకూడదు. బడి పంతులు, కాపరి, పంచాయతీ కార్యదర్శి ముగ్గురూ సంతకం పెట్టాలి. ఏ జాతి ఎక్కువ పోయిందో, ఏ మూల పోయిందో ఆ పుటలోనే తెలుస్తుంది. పోయినవాటి గురించి రాయడానికి సిగ్గుపడితే వచ్చే ఏడు అదే మూలలో అదే జాతి మళ్లీ నాటి మళ్లీ పోగొట్టుకుంటారు.

మూడో రోహిణి దాటాక స్పాన్సరు తప్పుకోవచ్చు. ఆ తర్వాత ఆ నేల ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి జవాబు చివర్లో వెతికితే తగాదా అవుతుంది, మొదటి రోజు కాగితం మీదే ఉండాలి. ఇప్పపూవు ఎవరు ఏరుకోవాలి, ఉసిరి ఎవరు తెంపుకోవాలి, మోదుగాకు విస్తర్లకు ఎవరు కోసుకోవాలి, పూవు ఏరడానికి కింద ఆకులు కాల్చకూడదన్న షరతుకు ఎవరు జవాబుదారీ, ఇవన్నీ కుటుంబాల పేర్లతో గ్రామసభలో చదివి తీర్మానం పుస్తకంలో ఎక్కించాలి. వ్యాపారి పేరు ఆ పుటలో ఎక్కడా ఉండనక్కర లేదు, డబ్బు కట్టిన రసీదు మీద ఉంటే చాలు.